రంగమే మారాలనుకుంటే: పరిచయాలను ఏ వరసలో, ఎట్లా వాడుకోవాలి

"సార్, కాలేజీ ఇడిచిపెట్టి కంపెనీల ఎట్ల వడ్డరు? లోపల ఎవరన్న ఉన్నరా మీకు?"

నెలకు రెండుసార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్ళకు కావలసింది రెండో ముక్కకు జవాబు. లోపల మనవాళ్ళు ఉన్నారు కానీ, ఉన్నారని నాకే తెలియదు. వాళ్ళను ఎట్లా కనుక్కోవాలి, ఏం అడగాలి, ఏం అడగకూడదు అన్నదే ఇక్కడి ముచ్చట.

హన్మకొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్ళు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పాఠాలు చెప్పాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు యూజర్ గైడ్లు రాసే పని చేస్తున్నా. ఈ రెంటికీ మధ్య పదకొండు నెలలు పట్టింది, ముప్పై ఒక్క మందితో మాట్లాడాను. మొదటి నాలుగు నెలలూ వరస తప్పడం వల్ల దండగైనవే.

అదే రంగంలో కంపెనీ మారేవాళ్ళకు ఇంత తతంగం అక్కర్లేదు, రెజ్యూమె చాలు. రంగం మారేటప్పుడు మాత్రం "తొమ్మిదేళ్ళ లెక్చరర్" అన్న మొదటి లైను చూసే పక్కన పెట్టేస్తారు. ఆ కాగితం పక్కన నిలబడి రెండు మాటలు చెప్పే మనిషి కావాలి.

ఇది పైరవీ కదా అంటారు కొందరు. పైరవీ అంటే అర్హత చూడకుండా కుర్చీ ఇమ్మని అడగడం. ఇక్కడ మనం అడిగేది ఆ పని ఎట్లా ఉంటుందని. పరీక్ష, ఇంటర్వ్యూ మన నెత్తిమీదే ఉంటాయి. ఈ తేడా మనసులో తేలేదాకా నాకు ఫోన్ చేయడానికి చెయ్యే రాలేదు.

1. ఎవరికీ ఫోన్ చేయకముందు: ఒక ఆదివారం, మూడు కాగితాలు

మొదటి కాగితం మీద మీరు రోజూ చేసే పనులు రాయండి. హోదా వద్దు. "అసిస్టెంట్ ప్రొఫెసర్" అని రాస్తే ఎదుటివాడికి పాఠం చెప్పేవాడే కనబడతాడు. నేను రాసుకున్నవి: ల్యాబ్ మాన్యువల్ తయారుచేయడం, న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) బృందం వచ్చినప్పుడు ఆరు నెలల ఫైళ్ళు ఒక పద్ధతిలో పెట్టడం, అర్థం కాని పిల్లలకు అదే సంగతి మూడు రకాలుగా చెప్పడం. వాటిలో రెండు పనులు నేరుగా కొత్త రంగంలో ఉన్నవే. అది నాకు కాగితం మీద చూసుకున్నాకే తెలిసింది.

రెండో కాగితం మీద పోవాలనుకునే దారులు రాయండి. రెండే. "ఏదైనా సరే" అనేవాడికి సాయం చేయడం ఎవరికీ చేతకాదు. మందుల కంపెనీ రెప్‌గా తిరిగి తిరిగి అలసిపోయిన దోస్తు ఒకాయన "హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, లేకుంటే క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేషన్" అని రెండు ముక్కలు ఖాయం చేసుకున్నాకే జనం ఆయనకు పేర్లు చెప్పడం మొదలుపెట్టారు.

మూడో కాగితం ఇంట్లోవాళ్ళతో కూర్చుని రాయాలి. జీతం ఎంత తగ్గినా తట్టుకోగలం? హైదరాబాద్‌కు మారగలమా, లేక ఇక్కడే ఉండాలా? చేతిలో ఎన్ని నెలల ఖర్చులున్నాయి? ఇక్కడే ఉండాలంటే వెతుకులాట కూడా మారుతుంది. హన్మకొండ పక్కనే ఉన్న మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచారు. అదే ఏడాది కరీంనగర్‌లో ఐటీ టవర్, 2023లో నిజామాబాద్ ఐటీ హబ్ వచ్చాయి. వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. హైదరాబాద్‌తో పోలిస్తే ఖాళీలు తక్కువే. అందుకే ఇక్కడ పరిచయం విలువ ఇంకా ఎక్కువ.

చూసుకోండి:
☐ పనుల జాబితాలో కనీసం ఎనిమిది ఉన్నాయా?
☐ దారులు రెండుకు మించలేదు కదా?
☐ తగ్గగలిగే జీతం అంకె రూపంలో రాసి ఉందా?
☐ ఇంట్లోవాళ్ళకు తెలుసా?

2. పేర్ల పట్టిక

ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరిచి పై నుంచి కింది దాకా చదవండి. రెండు గంటల పని. చదువుతూ ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు నింపండి: పేరు, ఎట్లా తెలుసు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడాం.

దగ్గరివాళ్ళతోనే పని అవుతుందనుకుంటాం. కాదు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ సంగతి రాశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగితే, ఎక్కువమందికి ఆ కబురు అప్పుడప్పుడు మాత్రమే కలిసేవాళ్ళ నుంచే వచ్చిందట. లెక్క తేలికే. మా స్టాఫ్ రూంలో పక్క కుర్చీలవాళ్ళకు తెలిసిన ఖాళీలన్నీ పక్క కాలేజీలోవే. నాకు తెలిసిందే వాళ్ళకూ తెలుసు.

కాబట్టి ముఖపరిచయం ఉన్నవాళ్ళ మీద దృష్టి పెట్టండి. మన వైపు వాళ్ళు ఎక్కడెక్కడ ఉంటారంటే:

- మీతో చదివినవాళ్ళు. ఎన్ఐటీ, కిట్స్, కాకతీయ యూనివర్సిటీ, ఏదైనా సరే, లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల విభాగంలోకి వెళ్తే ఎవరు ఏ ఊళ్ళో, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో వడపోసి చూడొచ్చు.
- మీ ఆఫీసుకు వచ్చిపోయేవాళ్ళు. ల్యాబ్ సామాను అమ్మేవాళ్ళు, పుస్తకాల రెప్‌లు, సాఫ్ట్‌వేర్ పెట్టి పోయేవాళ్ళు. వీళ్ళు పది చోట్లకు తిరుగుతారు, ఎక్కడ మనిషి కావాలో అందరికన్నా ముందు వీళ్ళకే తెలుస్తుంది.
- కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు పాస్ మీద తిరిగేవాళ్ళు. ఒక బోగీలో నాలుగు రకాల నౌకర్లు దొరుకుతారు.
- రామగుండం, గోదావరిఖని వైపు సింగరేణి, ఎన్టీపీసీ కుటుంబాల పిల్లలు. చిన్నప్పుడు క్వార్టర్లలో కలిసి ఆడుకున్నవాళ్ళు ఇవాళ ఎక్కడెక్కడో ఉన్నారు.
- పెళ్ళిళ్ళలో, దినాల్లో పలకరించే చుట్టాల చుట్టాలు.

ఇక నా అసలు తప్పు. మొదటి పట్టికలో అరవై పేర్లు రాశాను, అందులో నా విద్యార్థి ఒక్కడూ లేడు. తొమ్మిదేళ్ళలో వందల మందికి చెప్పిన మాస్టారుకు ఉన్న అతి పెద్ద ఆస్తి అదే. ఎందుకు రాయలేదంటే, నామోషీ. "సార్" అని లేచి నిలబడినవాణ్ణి పోయి అడుగుడేంది అని. నాలుగు నెలలు పోయింది ఇక్కడే. చివరికి నాకు దారి చూపింది ల్యాబ్‌లో రికార్డు సరిగా రాయలేదని నేను రెండుసార్లు వెనక్కి పంపిన పిల్లగాడే.

మీ వృత్తిలోనూ ఇట్లాంటి గడి ఒకటి ఉంటుంది. అన్నలాంటివాడికి తమ్ముడిలాంటివాడు, మేనేజర్‌కు పాత ట్రైనీ, నర్సుకు పాత రోగి బంధువు. ఏ పేరు రాయడానికి మొహమాటం వేస్తుందో ఆ పేరే ముందు రాయండి.

3. వరస: పెద్దాయన దగ్గరికి చివర్లో

అందరూ మొదటే పెద్దాయన దగ్గరికి పోతారు. చుట్టాల్లో ఒకరు డైరెక్టర్ ఉన్నారంటే ఆయనకే మొదటి ఫోన్. ఆయన "ఏం చెయ్యాలనుకుంటున్నవు?" అని అడిగితే మనం నసుగుతాం. "చూద్దాంలే, రెజ్యూమె పంపు" అంటాడు. ఆ తలుపు ఇక రెండోసారి అంత తేలిగ్గా తెరుచుకోదు.

నేను ఇప్పుడు చెప్పే వరస ఇది:

మొదట ముగ్గురు నమ్మకస్తులు. తడబడినా పరవాలేని మనుషులు. మీ సంగతి రెండు నిమిషాల్లో చెప్పడం వీళ్ళ ముందు సాధన చేయండి.

తర్వాత ఆ పనిలో రెండు నుంచి ఐదేళ్ళు గడిపినవాళ్ళు, ఎనిమిది పది మంది. అసలు సమాచారం వీళ్ళ దగ్గరే ఉంటుంది. చేరిన కొత్తలో పడ్డ తిప్పలు ఇంకా యాదికుంటాయి వాళ్ళకు.

ఆ తర్వాత మీలాగే రంగం మారి వచ్చినవాళ్ళు. ఒక్కరు దొరికినా బంగారం.

టీం లీడ్లు, మేనేజర్లు చివర్లో. అప్పటికి మీకు ఆ రంగం మాట వచ్చేసి ఉంటుంది, ప్రశ్న కూడా పదునుగా ఉంటుంది.

4. గుట్టు: మన ఊరు చిన్నది

హన్మకొండ చౌరస్తాలో చెప్పిన మాట సుబేదారికి మనకన్నా ముందు చేరుతుంది. నా విషయంలో ల్యాబ్ అసిస్టెంట్ బావమరిది ద్వారా పోయింది. మర్నాడు మా హెచ్ఓడీ (విభాగం పెద్ద) "ఏమయ్యా, పోతున్నవట?" అన్నారు. ఆ సెమిస్టర్ నాకు అదనంగా రెండు సబ్జెక్టులు పడ్డాయి. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

☐ ఇప్పుడు పనిచేసే చోట ఎవరికీ చెప్పవద్దు, ప్రాణ స్నేహితుడైనా సరే.
☐ కాలేజీ లేదా కంపెనీ మెయిల్, ల్యాప్‌టాప్ ఈ పనికి వాడవద్దు.
☐ లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ మార్చే ముందు, మార్పులు అందరికీ తెలియజేసే సెట్టింగ్ ఆపేయండి.
☐ "ఓపెన్ టు వర్క్" పెడితే రిక్రూటర్లకు మాత్రమే కనబడేట్టు పెట్టండి. మీ సంస్థవాళ్ళకు కనబడకుండా చూస్తామంటారు కానీ పూర్తి హామీ ఇవ్వరు.
☐ కలిసిన ప్రతి మనిషికీ "ఇది ఇంకా బయటికి చెప్పలేదన్నా" అని ఒక మాట స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే దాచాలని వాళ్ళకేం తెలుసు?

5. మెసేజ్ రాయడం

నేను మొదట్లో పంపినది ఇది:

"నమస్తే. మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే దయచేసి చెప్పగలరు. రెజ్యూమె జతచేశాను."

పదిహేను మందికి పంపితే ఇద్దరు జవాబిచ్చారు. ఇద్దరిదీ ఒకటే మాట: "ఇప్పుడైతే లేవు." తప్పు వాళ్ళది కాదు. నేను అడిగిన ప్రశ్నకు ఉన్న జవాబులు రెండే, ఉన్నాయి, లేవు. లేవంటే ముచ్చట అక్కడితో ఖతం.

తర్వాత నా పాత విద్యార్థికి పంపినది ఇది:

"బాగున్నవా? మీ బ్యాచ్‌కు కమ్యూనికేషన్స్ ల్యాబ్ చెప్పిన సార్‌ని. నువ్వు డాక్యుమెంటేషన్ టీంల ఉన్నవని మీ క్లాస్‌మేట్ చెప్పిండు. నేను అటు దిక్కు రావాల్నని చూస్తున్న. ఆ పని రోజంతా ఎట్లుంటదో తెలుసుకోవాలె. పండుగకు ఇంటికి వస్తే ఇరవై నిమిషాలు కలుద్దామా? లేకుంటే ఫోన్‌లనే. నౌకరి పెట్టియ్యమని అడగను, భయపడకు."

గంటలో ఫోన్ వచ్చింది.

ఇందులో ఉన్నవి ఐదు: నేనెవరు, నీ గురించి ఎట్లా తెలిసింది, ఏం తెలుసుకోవాలి, ఎంతసేపు, ఏం అడగను. ముఖం తెలియని పెద్దవాళ్ళకు రాసేటప్పుడు "మీరు" అనీ, "వీలున్నప్పుడు" అనీ మారుతుంది కానీ ఈ ఐదూ ఉండాల్సిందే. రెజ్యూమె జతచేయవద్దు. జతచేసిన మరుక్షణం అది ఉద్యోగ దరఖాస్తు అయిపోతుంది.

జవాబు రాకపోతే పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. చూసి కూడా జవాబివ్వలేదని మనసులో పెట్టుకోవద్దు. దసరాకు ముందు, ఆర్థిక సంవత్సరం చివర్లో చాలామందికి ఊపిరి సలపదు.

6. ఆ ఇరవై నిమిషాలు

సద్దుల బతుకమ్మ మర్నాడు నక్కలగుట్ట దగ్గర ఒక టిఫిన్ సెంటర్‌లో కలిశాం. నేను కూర్చునేదాకా పిల్లగాడు కూర్చోలేదు. ఏది అడిగినా "బాగుంటది సార్" అన్నాడు. పని బాగుంటది, లీడ్ మంచోళ్ళు, జీతం పర్వాలేదు. పావుగంట అట్లాగే పోయింది. నేను ఇంకా సార్‌నే, వాడు ఇంకా వైవాలో ఉన్నాడు.

అప్పుడు ప్రశ్న మార్చాను. "మొన్న శుక్రవారం పొద్దున ఆఫీసుకు పోయినవు. సిస్టం ముందట కూసున్నవు. మొదటగాల ఏం తెరిచినవు?"

వాడు ఒక్క క్షణం ఆలోచించి మొదలుపెట్టాడు. ముందు తెరిచింది పెండింగ్ టికెట్ల పేజీ, అంటే చేయాల్సిన మార్పుల జాబితా. డెవలపర్ ఒక బటన్ పేరు మార్చాడట, దాంతో నలభై స్క్రీన్‌షాట్లు మళ్ళీ తీయాల్సి వచ్చింది. అసలు ఆ మార్పు ఎందుకో తెలుసుకోవడానికి మధ్యాహ్నం దాకా డెవలపర్ వెంట పడ్డాడట. "రాసుడు తక్కువ సార్, అడుక్కునుడే ఎక్కువ" అని నవ్వాడు. ఆ ఒక్క మాట నాకు ఏ కోర్సులోనూ దొరకనిది.

అందుకే, "మీ పని ఎట్లుంటది?" అని అడగవద్దు. ఒక రోజు పట్టుకుని గంట గంటకూ అడగండి. నేను ఇప్పటికీ వాడే ప్రశ్నలు, ఇదే వరసలో:

1. మొన్నటి ఒక పనిరోజు పొద్దటి నుంచి ఏం చేశారు?
2. చేరిన మొదటి ఆరు నెలల్లో ఎక్కడ కష్టపడ్డారు?
3. బయటి రంగం నుంచి వచ్చినవాళ్ళు మీ టీంలో ఉన్నారా? ఇంటర్వ్యూలో వాళ్ళను ఏం చూసి తీసుకున్నారు?
4. నా నేపథ్యంలో ఏం లోటు కనబడుతోంది? మొహమాటం లేకుండా చెప్పండి.
5. ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది? మీ పేరు చెప్పొచ్చా?

నాలుగో ప్రశ్నకు వాడు తల దించుకుని "మీ దగ్గర చూపెట్టెటందుకు ఏం లేదు సార్" అన్నాడు. నిజమే. ఇంటికి వచ్చి మా ల్యాబ్‌లోని సీఆర్ఓ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం) వాడే విధానాన్ని కొత్తవాడు చదివి చేసుకునేట్టు రెండు పేజీల్లో రాశాను. పన్నెండు పేజీల పాత మాన్యువల్‌లో ఉన్నదే. ఆ రెండు పేజీలే తర్వాత ఇంటర్వ్యూలో బల్ల మీద ఉన్నాయి. ఐదో ప్రశ్నకు వాళ్ళ లీడ్ మేడమ్ పేరు వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు టీచరే.

"మీ ప్యాకేజీ ఎంత?" అని అడగవద్దు. "ఈ అనుభవం ఉన్నవాళ్ళకు మార్కెట్‌లో ఎంత నుంచి ఎంత దాకా ఇస్తున్నారు?" అంటే అందరూ చెప్తారు. ఇరవై నిమిషాలన్నారంటే ఇరవై నిమిషాలకే లేవండి. వాళ్ళే కూర్చోమంటే వేరే సంగతి. చాయ్ డబ్బులు మీరే కట్టండి, ఎదుటివాడు మీ విద్యార్థి అయినా, వాడు ఎంత గుంజులాడినా.

7. అదే రాత్రి, ఆ తర్వాత

ఇంటికి రాగానే నోట్‌బుక్‌లో అరపేజీ రాయండి. రేపటికి సగం మరిచిపోతాం. రాత్రికే రెండు లైన్ల మెసేజ్ పంపండి, వాళ్ళు చెప్పిన ఒక సంగతి పేరెత్తి.

ఎక్కువమంది చేయనిది దీని తర్వాతి మెట్టు. మూడు నాలుగు వారాలకు, "మీరు చెప్పినట్టే ఫలానాది చేశాను, ఇదిగో" అని చూపించండి. నేను సీఆర్ఓ గైడు పంపినప్పుడు పిల్లగాడు ఎర్ర పెన్నుతో దిద్ది ఫొటో తీసి పంపాడు. నా రికార్డుల బాకీ తీర్చుకున్నట్టే దిద్దాడు. ఆ రోజు నుంచి వాడు నా తరఫున చూడడం మొదలుపెట్టాడు, నేను అడగకుండానే.

మీ చేతిలో ఉన్నదీ ఇవ్వండి. వాళ్ళ చెల్లెలికి కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి పెట్టాలో మీకు తెలుసు. అది చిన్నదేం కాదు.

8. రెఫరల్ ఎప్పుడు అడగాలి

రెఫరల్ అంటే లోపల పనిచేసేవాళ్ళు కంపెనీకి మీ పేరు సూచించడం. అది అడగాల్సింది ఆ కంపెనీ సైట్‌లో మీకు సరిపోయే ఖాళీ నిజంగా కనబడినప్పుడే. "ఏదైనా ఉంటే చూడు" అన్నది రెఫరల్ కాదు, బరువు.

అడిగేటప్పుడు వాళ్ళ పని తగ్గించండి. ఒకే మెసేజ్‌లో ఇవి పెట్టండి:
☐ ఖాళీ నంబరు, లింకు
☐ పీడీఎఫ్ రెజ్యూమె, ఫైల్ పేరులో మీ పేరుతో
☐ వాళ్ళు యథాతథంగా అతికించుకునేట్టు మీ గురించి నాలుగు వాక్యాలు
☐ "ఇబ్బందైతే వద్దు, ఏమనుకోను" అన్న మాట

రెఫరల్ అయ్యిందంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు. కాగితం ఒకరి కంట పడుతుందని మాత్రమే అర్థం. చాలా కంపెనీల్లో చేర్చినవాళ్ళకు బోనస్ కూడా ఉంటుంది కాబట్టి, అడగడం మరీ భిక్ష కాదు.

ఒక హెచ్చరిక. మధ్యలో ఎవరైనా "బ్యాక్‌డోర్‌ల పెట్టిస్త, ఇంత కట్టు" అంటే లేచి రండి, తెచ్చినవాడు సొంత మేనమామ కొడుకైనా సరే. ట్రైనింగ్ ఫీజనీ, డిపాజిట్ అనీ పేరు మార్చి అడుగుతారు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

9. ఎక్కడ తేడా కొడుతుంది, ఎట్లా సరిచేసుకోవాలి

అందరూ "చూద్దాం" అంటున్నారు: మీరు ఉద్యోగం అడుగుతున్నారన్నమాట. ఐదో అంచెకు వెనక్కి పోయి మెసేజ్ మార్చండి.

మాటలు బాగా సాగుతున్నాయి, కొత్త పేర్లు రావడం లేదు: చివరి ప్రశ్న అడగడం మానేస్తున్నారు. లేదా "ఎవరైనా ఉన్నారా" అంటున్నారు. "మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కు మారినవాళ్ళు ఎవరైనా?" అని ఇరుకు చేసి అడగండి, పేరు తడుతుంది.

ఒకాయన సాయం చేస్తానని మూడు నెలలుగా తిప్పుతున్నాడు: ఆయన్ని పట్టికలో అట్లాగే ఉంచి ముందుకు పోండి. ఒక్క మనిషి మీద ఆశ పెట్టుకుంటే మిగతా ముప్పై మంది ఆగిపోతారు.

ముగ్గురు ముగ్గురూ ఆ పని బాగాలేదన్నారు: ఇది నష్టం కాదు. నా రెండు దారుల్లో ఒకటి ఇట్లాగే కొట్టేశాను. డబ్బు కట్టి కోర్సులో చేరకముందే.

ఉత్సాహం చచ్చిపోయింది: వారానికి రెండు మెసేజ్‌లు, ఒక సంభాషణ. అంతకుమించి పెట్టుకోవద్దు. పరీక్షల వారం వస్తే అదీ ఆపేయండి.

10. కాగితం పెట్టే ముందు

చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా రాజీనామా పెట్టవద్దు. "అయిపోయినట్టే అన్నా" అన్న మాట లెటర్ కాదు.

☐ నోటీస్ పీరియడ్ ఎంతో మీ నియామక పత్రంలో చూడండి. కొత్తవాళ్ళకు అదే తేదీ చెప్పండి.
☐ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంటే, రాజీనామాకు చాలా ముందే ఏదో ఒక పనికని తెచ్చుకోండి. నావి తిరిగి రావడానికి ఐదు వారాలు పట్టింది. చేరే తేదీని రెండుసార్లు జరుపుకున్నా.
☐ పీఎఫ్ తీసుకోవద్దు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద బదిలీ చేయించుకోండి. ఐదేళ్ళ సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది.
☐ గ్రాట్యుటీకి (మానేటప్పుడు సంస్థ సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) ఐదేళ్ళు దగ్గరలో ఉంటే తేదీ లెక్క చూసుకోండి.
☐ రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చేదాకా ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు.

ఆఫర్ ఖాయమయ్యాక స్టేటస్ పెట్టకముందు ఆ నోట్‌బుక్ తెరవండి. మాట్లాడిన ప్రతి మనిషికీ ఫోన్ చేయండి, జవాబు "లేవు" అన్నవాళ్ళకు కూడా. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పిల్లగాడికి చేస్తే వాళ్ళమ్మ ఎత్తింది, "మా వాడు చెప్పిండు సారూ, పొద్దుగాలే చెప్పిండు" అన్నది. నాకన్నా ముందే తెలిసింది వాళ్ళింట్లో.